తీగ లేని తోవ... కొండలు దాటే ఇంటర్‌నెట్

హాల్లో గోడకు బిగించిన వై-ఫై డబ్బా వంటింటి దాకా వచ్చేసరికే నీరసించిపోతుంది. మధ్యలో రెండు గోడలు, ఒక ఫ్రిజ్జు, ఒక ఇనప బీరువా అడ్డం. పప్పు కుక్కర్లో పెట్టి ఫోన్లో ఏ వంట వీడియోనో చూద్దామంటే బొమ్మ రాదు, గుండ్రంగా తిరిగే చక్రం మాత్రం వస్తుంది. మరి అదే జాతి రేడియో తరంగాలు వెనెజులా దేశంలో రెండు కొండ శిఖరాల మధ్య ఏకంగా 382 కిలోమీటర్లు వెళ్ళాయంటే నమ్ముతారా? 2007లో ఎర్మానో పియెత్రోసెమోలి అనే ప్రొఫెసరు గారు, ఆయన మిత్రులు కలిసి చేసి చూపించిన పని అది. మన లెక్కలో చెప్పాలంటే హైదరాబాదులో బస్సెక్కి దాదాపు రాజమండ్రి దాకా వెళ్ళినంత దూరం. మధ్యలో తీగ లేదు, స్తంభం లేదు!

రికార్డుల సంగతి అలా ఉంచండి. అవి పేపర్లో చదివి ఔరా అనుకోవడానికి. పదీ ఇరవై కిలోమీటర్ల ఇలాంటి లింకులే తీగలు వెళ్ళలేని ఊళ్ళకు చదువు, వైద్యం తీసుకెళ్ళాయి. ఇంటర్ చదివిన ఆడపిల్లలు పల్లెటూరి ముసలమ్మ కంటిని పట్నంలో కూర్చున్న డాక్టరు గారికి చూపించగలిగారు. అందులో మనబోటి ఇల్లాళ్ళకు తెలియని బ్రహ్మవిద్యేమీ లేదు. కాస్త ఓపిగ్గా చదవండి, మీకే తెలుస్తుంది.

వచ్చిందా? ఇంకొంచెం తిప్పు!

దూరదర్శన్ రోజులు గుర్తున్నాయి కదా! ఆదివారం సినిమా మొదలయ్యే టైముకి తెర మీద చుక్కలు. నాన్నగారు డాబా మీదికెక్కి యాంటెన్నా తిప్పేవారు. కింద నుంచి పిల్లలం ‘వచ్చింది... పోయింది... ఇంకొంచెం... అక్కడే ఆపు’ అని అరిచేవాళ్ళం. దూరపు వైర్‌లెస్ లింకు బిగించడంలో సగం పని అదే. కాకపోతే ఇక్కడ డాబాలు రెండు, యాంటెన్నాలు రెండు. అటు ఒకరు, ఇటు ఒకరు ఫోన్లో మాట్లాడుకుంటూ వేలెడు వేలెడు తిప్పుకోవాలి. ఒకరు తిప్పుతున్నప్పుడు రెండోవారు కదపకూడదు. ఇద్దరూ ఒకేసారి తిప్పితే సాయంత్రం దాకా అక్కడే ఉండాలి.

ఇంట్లో డబ్బా ఎందుకు దూరం పోదంటే, అది బల్బులాంటిది. నాలుగు దిక్కులకూ వెలుగు చల్లుతుంది. ఆ వెలుగునే టార్చిలైటులాగా ఒక్క దిక్కుకే పట్టిస్తే దూరం పోతుంది. డిష్షు ఆకారంలో ఉండే యాంటెన్నా చేసే పని ఇదే. కొత్తగా కరెంటు పుట్టించదు, ఉన్నదాన్నే ఒక వైపుకి పోగుచేస్తుంది. అవతల వైపున్న డిష్షు కూడా అలాగే చాట పట్టినట్టు వచ్చిందంతా ఒడిసి పడుతుంది. దూరం రెట్టింపయితే అందే బలం నాలుగో వంతుకి పడిపోతుంది కాబట్టి ఈ పోగుచెయ్యడం తప్పనిసరి.

ఇక రెండో నియమం. ఒక యాంటెన్నాకి ఇంకొకటి కనిపించాలి. మధ్యలో కొండ వచ్చినా, మేడ వచ్చినా అంతే సంగతులు. అయితే ‘నాకు కనిపిస్తోందిగా, చాలు’ అనుకుంటే పొరపాటు. ఈ తరంగాలు దారంలాగా సన్నగా పోవు. పెద్ద దోసకాయలాగా రెండు కొసల్లో సన్నగా, మధ్యలో లావుగా ఉబ్బి వెళతాయి. పది కిలోమీటర్ల లింకయితే, మామూలు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైకి, సరిగ్గా మధ్యలో ఆ చూపు గీతకి చుట్టూ పది మీటర్ల మేర ఖాళీ ఉండాలి. అంటే మధ్య ఊళ్ళో చింతచెట్టు చిటారుకొమ్మ చూపుకి అడ్డం రాకపోయినా, ఆ దోసకాయకి తగిలితే చాలు, సిగ్నలు కుంటుతుంది. ఇంకా దూరం వెళితే భూమి గుండ్రన కూడా అడ్డొస్తుంది. యాభై కిలోమీటర్లకి మధ్యలో నేల ఉబ్బు సుమారు 40 మీటర్లు ఉంటుందట. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో భూమి గుండ్రంగా ఉండును అని బట్టీ పట్టాం గానీ, అది ఎవరి పనికైనా అడ్డం వస్తుందని ఎన్నడైనా అనుకున్నామా!

అందుకే ఈ పనికి కొండలు వరం. శిఖరం మీద రెండు గజాల గొట్టం పాతితే చాలు. బల్లపరుపు నేలలోనే కష్టమంతా.

నాంగీ పంతులు గారు

కొండలంటే ముందుగా నేపాల్ వెళ్ళాలి. మ్యాగ్దీ జిల్లాలో నాంగీ అని ఒక ఊరు. సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైన ఉంది. అప్పట్లో రోడ్డు చేరాలంటే గంటల తరబడి కొండ దిగాల్సి వచ్చేది. ఊళ్ళో చాలామంది మగవాళ్ళు గూర్ఖా సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు. అలాంటి సైనికుడి కొడుకు మహావీర్ పున్ గారు. కొన్నాళ్ళు బడిపంతులుగా చేసి, అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో స్కాలర్‌షిప్పు మీద డిగ్రీ చదివి, అక్కడే ఉండిపోకుండా 1992 తరవాత సొంత ఊరికి తిరిగొచ్చారు. ఊరివాళ్ళతో కలిసి హైస్కూలు నడిపించారు.

1997లో ఆస్ట్రేలియాలోని ఒక స్కూలువాళ్ళు పాత కంప్యూటర్లు పంపారు. ఊళ్ళో కరెంటు లేదు. వాగు మీద చిన్న జలవిద్యుత్ యంత్రం పెట్టుకుని వాటిని నడిపారు. తరవాత విడిభాగాలు తెచ్చి, ఇనప పెట్టెలు లేకపోతే చెక్కపెట్టెల్లోనే కంప్యూటర్లు బిగించారు పంతులు గారు. బాగానే ఉంది, పిల్లలు కంప్యూటరు నేర్చుకున్నారు. కానీ ఒక్క ఈ-మెయిల్ చూసుకోవాలంటే కొండ దిగి, బస్సెక్కి పోఖరా వెళ్ళిరావాలి. రోజుల ప్రయాణం!

2001లో ఆయన బీబీసీ వారికి ఒక ఈ-మెయిల్ రాశారు. మా ఊరికి ఇంటర్‌నెట్ తేవడానికి ఎవరైనా దారి చెబుతారా అని. దాన్ని వాళ్ళు ప్రపంచానికి చెప్పారు. బెల్జియం, ఫిన్లండు లాంటి దేశాలనుంచి కుర్రాళ్ళు వచ్చారు. 2002లో నాంగీకి, ఎదురుకొండ మీదున్న రామ్చే అనే ఊరికి మధ్య మొదటి వైర్‌లెస్ లింకు పరీక్ష చేశారు. యాంటెన్నాలు చాలావరకు చేత్తో చేసినవి, టీవీ డిష్షులను మార్చినవి. మరుసటి ఏడాదికి పోఖరానుంచి కొండల మీదుగా నాంగీకి ఇంటర్‌నెట్ వచ్చేసింది.

మధ్యలో ఒక కొండ మీది డబ్బా అందుకుని ఇంకో కొండకి అందిస్తుంది. ఇటుకలు చేతులు మార్చుకుంటూ మేడ మీదికి చేరవేస్తారు చూడండి, అలాగన్నమాట. మొదట్లో టవరుకి డబ్బుల్లేక చెట్టుకే కట్టేశారు ఒక డబ్బాని. కరెంటుకి సోలారు పలకలు, చిన్న గాలిమర, బ్యాటరీలు. ఇవన్నీ ఊరివాళ్ళు వీపున మోసుకుని ఎక్కించినవే. అప్పుడు ఆ దేశంలో అంతర్యుద్ధం సాగుతోంది. వైర్‌లెస్ సామాను దిగుమతికి అనుమతులు దొరకవు. వచ్చే విదేశీ కుర్రాళ్ళే కాస్త కాస్త సంచుల్లో పెట్టుకుని తెచ్చేవారు. ఇటు సైన్యానికీ అటు మావోయిస్టులకూ అనుమానం రాకుండా కొండ మీద యాంటెన్నా నిలబెట్టడం అంటే మాటలు కాదు.

దీనివల్ల ఒరిగిందేమిటంటారా? పల్లెలో ఆరోగ్య కార్యకర్త పోఖరా ఆస్పత్రిలోని డాక్టరుతో తెర మీద మాట్లాడి రోగిని చూపించగలిగింది. అంతకుముందు రోగిని దింపాలా వద్దా అన్నది కూడా తెలియక బుట్టలో కూర్చోబెట్టి వీపున మోసుకుపోవడమే. లెక్కల మాస్టారు లేని బడికి వేరే ఊరి మాస్టారు తెర మీద పాఠం చెప్పారు. జడలబర్రెలు మేపుకునేవాళ్ళు బేరగాళ్ళతో ముందే మాట్లాడుకుని కిందికి దిగారు. పరాయిదేశంలో ఉన్న కొడుకు మొహం తల్లి చూసింది. ఆ తరవాత వందకు పైగా పల్లెలకు ఈ లింకులు పాకాయి. 2007లో పున్ గారికి రామన్ మెగసెసె అవార్డు ఇచ్చారు. 2022లో ఆయన ఏ పార్టీ లేకుండా నిలబడి పార్లమెంటుకు గెలిచారు, 2025 సెప్టెంబరులో తాత్కాలిక ప్రభుత్వంలో విద్యామంత్రిగా ప్రమాణం చేశారు. చెట్టుకి డబ్బా కట్టిన మనిషి మంత్రి అయ్యాడంటే ముచ్చటేస్తుంది కదూ!

మన గోదావరి డెల్టాలో

మన సంగతికొద్దాం. మన దేశంలో 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను ఆరుబయట కూడా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని ప్రభుత్వం అనుమతించింది. అంతకుముందే ఐఐటీ కాన్పూరులో భాస్కరన్ రామన్ గారు, చేబ్రోలు కామేశ్వరి గారు గంగా మైదానంలో ముప్పై కిలోమీటర్లు దాటిన లింకుల మీద కూడా పరిశోధన చేశారు. ఆ అనుభవంతోనే మన పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరం చుట్టుపక్కల పల్లెల్లో, బైర్రాజు ఫౌండేషన్ వారి ‘అశ్విని’ పథకానికి వైర్‌లెస్ లింకులు వేశారు. చదువు, వైద్యం, వ్యవసాయ సలహాలు తెర మీద అందించాలన్నది ఉద్దేశం.

ఇక్కడ కొండలేవీ? అంతా బల్లపరుపు వరిచేలు, గట్ల మీద కొబ్బరిచెట్లు. కొబ్బరి ఎంత ఎత్తు పెరుగుతుందో మీకు చెప్పాలా! దాని తలకన్నా పైకి యాంటెన్నా లేవాలంటే ఇనప టవరు కట్టక తప్పదు. తమాషా ఏమిటంటే పెట్టె, డిష్షు కలిపితే అయ్యే ఖర్చుకన్నా టవరు ఖర్చే ఎన్నో రెట్లు. పెళ్ళికూతురి నగలకన్నా పందిరి ఖర్చెక్కువైనట్టు. అందుకే ఎవరైనా తెలివైనవాళ్ళు ముందు ఊళ్ళో ఎత్తయిన నీళ్ళ ట్యాంకు, రైసుమిల్లు, గుడిగోపురం పక్క మేడ ఇలాంటివి చూసుకుంటారు. టవరు ఎంత తక్కువ ఎత్తులో సరిపెడితే అంత మిగులు.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి, ఇది నాకు భలే నచ్చింది. వై-ఫైకి ఒక అలవాటుంది. ఒక ముక్క కబురు పంపగానే ‘అందింది’ అనే జవాబు కోసం చూస్తుంది. మనం రిజిస్టరు పోస్టు చేసి ఎకనాలెడ్జిమెంటు కార్డు కోసం చూసినట్టు. ఇంట్లో పది అడుగుల దూరానికి ఆ జవాబు కన్నుమూసి తెరిచేలోగా వస్తుంది. ముప్పై కిలోమీటర్ల దూరమైతే పోయిరావడానికి సెకనులో అయిదు వేల వంతు పడుతుంది. మనకది లెక్కలోది కాదు గానీ దానికి యుగమే. ‘అందలేదేమో’ అనుకుని మళ్ళీ అదే కబురు పంపుతుంది, మళ్ళీ... మళ్ళీ. లింకు నిండా పాత ఉత్తరాలే! అందుకని దూరపు లింకుల్లో ఆ ఎదురుచూపు గడువు పెంచుతారు. రామన్ గారు, కామేశ్వరి గారు ఇంకో పద్ధతి కనిపెట్టారు. ఒక టవరు మీద నాలుగైదు డిష్షులుంటే, ఒకటి చెబుతుంటే పక్కది వినలేదు, దీని గోల దాని చెవిలో పడుతుంది. కాబట్టి అన్నీ ఒకేసారి పంపాలి, తరవాత అన్నీ ఒకేసారి వినాలి. కోలాటంలో అందరూ ఒకే దెబ్బకి కర్ర కొట్టి, ఒకే దెబ్బకి తిరుగుతారే, సరిగ్గా అదే.

2009లో సత్యం కంపెనీ వ్యవహారం బయటపడ్డాక ఫౌండేషన్ కార్యక్రమాలు చాలావరకు కుదించుకుపోయాయి. డబ్బిచ్చే చెయ్యి ఆగితే టవరు ఒక్కటే నిలబడి ఏం చేస్తుంది? లింకు వేసేటప్పుడే నెలనెలా ఖర్చు ఎవరు పెడతారన్నది తేల్చుకోవాలని నా అభిప్రాయం. కొబ్బరికాయ కొట్టే రోజున అందరూ వస్తారు!

థేని ఆడపిల్లలు

తమిళనాడులో అరవింద్ కంటి ఆస్పత్రి పేరు విననివారుండరు. డాక్టర్ వెంకటస్వామి గారు 1976లో మదురైలో 11 మంచాలతో మొదలుపెట్టారు. ఆ సంస్థకే పశ్చిమ కనుమల పక్కన థేనిలో ఒక ఆస్పత్రి ఉంది. కాలిఫోర్నియాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి ఎరిక్ బ్రూవర్ గారి బృందం 2005 ప్రాంతాల్లో అక్కడికొచ్చి, థేని ఆస్పత్రినుంచి చుట్టుపక్కల ఊళ్ళలోని చిన్న కంటి కేంద్రాలకు వై-ఫై లింకులు వేసింది.

పల్లెలో పెద్దావిడకి చూపు మసకేసిందనుకోండి. పట్నం వెళ్ళాలంటే బస్సు చార్జీలు, తోడు ఒకరు, ఇద్దరికీ ఆ పూట కూలి పోయినట్టే. వయసు మీద పడింది, ఇంతేలే అని ఊరుకుంటుంది. కొడుకూ ఊరుకుంటాడు. కేంద్రం పక్క వీధిలోనే ఉంటే వస్తుంది. అక్కడ ఉండేది డాక్టరు కాదు. నాలాగా ఇంటర్‌తో చదువాగిన పల్లెటూరి అమ్మాయిలు. అరవింద్ వాళ్ళు అలాంటి పిల్లలను చేర్చుకుని కన్ను పరీక్ష చెయ్యడంలో తర్ఫీదు ఇస్తారు. ఆ అమ్మాయి పరీక్ష చేసి, వివరాలు పంపితే, థేనిలో డాక్టరు గారు తెర మీద ఆవిడతో నేరుగా మాట్లాడతారు. కళ్ళజోడు చాలితే అక్కడే. శుక్లమైతేనే ఆస్పత్రికి ప్రయాణం. ఊరికే తిరగడం తప్పింది.

ఈ లింకులతో పాటు, హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాలలో ఎయిర్‌జల్దీ అనే వాళ్ళు కొండల మీద వేసిన లింకుల అనుభవం కూడా కలిపి బర్క్‌లీ వాళ్ళు 2008లో ఒక పత్రం రాశారు. లింకు వెయ్యడం గురించి కాదు, బతికించుకోవడం గురించి! అందులో నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, పాడయిన వాటిలో అత్యధిక భాగానికి కారణం రేడియో కాదు, పిడుగు కాదు... మన కరెంటు. పల్లెల్లో లైనును కొలిచి చూస్తే 230 వోల్టులు ఉండాల్సిన చోట ఐదు వందలు దాటిన కుదుపులు, వెయ్యి వోల్టులు ముట్టినవి కూడా కనిపించాయట. ఎక్కువొస్తే మాడిపోతుంది, సరే. తక్కువొస్తే ఇంకా తంటా. డబ్బా చావదు, బతకదు. లైటు వెలుగుతూనే ఉంటుంది గానీ పలకదు. ఎవరో వెళ్ళి ఆపి మళ్ళీ వెయ్యాలి. ఆ డబ్బా కొండ మీదుంటే? ఒక స్విచ్చి కోసం ఒక పూట నడక.

అందుకని వోల్టేజి బాగా పడిపోతే మొత్తం కట్ చేసి, బాగుపడ్డాక తనంతట తనే కలిపే చిన్న పరికరం పెట్టారు. కొన్ని చోట్ల లైను కరెంటు వద్దనుకుని సోలారు, బ్యాటరీతోనే నడిపారు. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడివాళ్ళకే పని నేర్పారు. అమెరికానుంచి ఇంజనీరు రావాలంటే నెలలు పడుతుంది. ధర్మశాలలో ఇంకో బెడద... కోతులు! యాంటెన్నాలెక్కి ఊగుతాయి, తీగలు లాగుతాయి. కోతి బరువు ఆనేలా బిగించక తప్పలేదు వాళ్ళకి.

మా తోటికోడలి నోటుపుస్తకం

భీమవరం దగ్గర మా అత్తగారి వైపు వాళ్ళకి రొయ్యల చెరువులున్నాయి. ఇంటికీ చెరువుకీ మూడు కిలోమీటర్లు. రాత్రిళ్ళు ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా, దొంగలెవరైనా వచ్చారా అన్నది చూసుకోవడానికి మా మరిది డాబా మీదొక డబ్బా, చెరువు షెడ్డు మీదొక డబ్బా పెట్టించి కెమెరాలు కలిపాడు. ఏరియేటరు ఒక రాత్రి ఆగితే రొయ్య మొత్తం తేలిపోతుంది, లక్షల మీద మాట. దాన్ని చూసుకునేది మాత్రం మా తోటికోడలే. పాల లెక్క రాసినట్టు ఒక నోటుపుస్తకంలో రోజూ సిగ్నలు ఎంతుందో రాస్తుంది.

నిరుడు శ్రావణమాసంలో రోజూ సాయంత్రం బొమ్మ ఆగిపోవడం మొదలైంది. పెట్టినవాడు వచ్చి చూసి డబ్బా మార్చాలన్నాడు. తను పుస్తకం తీసి చూపించి, ‘నెలనెలా కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తోంది అక్కా, డబ్బా పాడయితే ఒక్కసారే పోవాలి కదా’ అంది నాతో. నిజమే! డాబా ఎక్కి చూస్తే దారిలో పక్కవాళ్ళ కొబ్బరిచెట్టు ఆకు వేసింది. సాయంత్రం గాలికి ఆ మట్ట ఊగినప్పుడల్లా అడ్డం. పక్కవాళ్ళను బతిమాలి రెండు మట్టలు కొట్టించారు, సరిపోయింది. కొత్త డబ్బా ఖర్చు తప్పింది.

ఆవిడ చేసే మిగతా పనులు కూడా చెబుతాను, మీలో ఎవరికైనా పనికొస్తాయి. తీగ డబ్బాలోకి వెళ్ళే ముందు కిందికి ఒక వంపు తిప్పి కట్టిస్తుంది. వాన నీరు తీగ వెంట జారి ఆ వంపు దగ్గర కారిపోతుంది, డబ్బాలోకి దిగదు. అతుకుల మీద సాగే రబ్బరు టేపు చుట్టి, ఏడాదికోసారి వానలకు ముందు విప్పి మళ్ళీ కొత్తది చుట్టిస్తుంది. ఉప్పుగాలికి బోల్టులు తుప్పు పడతాయని గాల్వనైజ్డువి వేయించింది. షెడ్డు మీది పెట్టెలో వెచ్చదనానికి చీమలు గూడు పెడతాయి, కాబట్టి మూత రబ్బరు సరిగ్గా ఉందో లేదో చూడాలి. పిడుగుల కోసం ఎర్తు గొయ్యి వేయించి, ఉప్పు, బొగ్గు వేసి ఎండాకాలంలో బిందెడు నీళ్ళు పోస్తుంది. ఇన్వర్టరు బ్యాటరీలో డిస్టిల్డు వాటరు సంగతి మనందరికీ తెలిసిందే. ఉరుములు దగ్గర్లో ఉంటే మాత్రం డాబా ఎక్కకూడదు, లింకు పోతే పోనీ.

ఇప్పుడు చాలా ఊళ్ళకి ఫైబరు తీగ, ఫోన్లో 4జీ వచ్చేశాయి కదా, ఇవన్నీ ఎందుకని అడగొచ్చు. ఊరికి వచ్చినా తోటకి రాదు, చెరువుకి రాదు, కొండ మీది తండాకి రాదు. అలాంటి చోట్ల ఇప్పటికీ ఇదే గతి. ఇప్పుడు వాడే 5 గిగాహెర్ట్జ్ డబ్బాలు అర కిలో బరువు కూడా ఉండవు, చిన్న దూరాలకు జత పదివేల రూపాయల లోపే దొరుకుతున్నాయి. 2018 నుంచి ఆ తరంగాల్లో కూడా చాలా భాగం మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. సొంత ఇంటికీ సొంత పొలానికీ మధ్య పెట్టుకుంటే ఇబ్బంది లేదు. డబ్బు తీసుకుని పదిమందికి ఇంటర్‌నెట్ ఇవ్వాలంటే మాత్రం ప్రభుత్వ అనుమతి ఉండాలి.

పెట్టించేవాడు వచ్చినప్పుడు ముందుగా వాణ్ణి డాబా ఎక్కించి అవతలి కొస చూపించమనండి. కనిపించకపోతే ఎంత ఖరీదైన డబ్బా చెప్పినా వద్దనండి. కనిపిస్తే దారిలో ఏ చెట్టు ఇంకా పెరిగేదో మీరే చూసుకోండి. కొబ్బరా, సరుగుడా, సుబాబులా అన్నది వాడికన్నా మీకే బాగా తెలుస్తుంది. బిగించిన రోజు సిగ్నలు అంకె ఎంతో అడిగి డబ్బా వెనకాల పెయింటుతో రాయించండి. రెండేళ్ళ తరవాత ఏదైనా తేడా వస్తే పోల్చుకోవడానికి ఆ అంకే ఆధారం.